గృహ హింస: మన పిల్లలు చెబుతున్న కారణాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఆ పని చక్కగా చేశారు. కమిటీవారు నన్ను ‘నేటి విద్యార్థులు – సమాజం’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద అంశం. అందులో ఒక్క ముక్కే తీసుకుంటాను. ఇళ్ళలో ఆడవాళ్ళ మీద జరిగే హింసను మన బడి పిల్లలు ఎలా చూస్తున్నారు, అది ఎంత ఉందనుకుంటున్నారు, ఎందుకు జరుగుతోందనుకుంటున్నారు అన్నదే నా విషయం. పండగ పూట ఈ మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. బడికి యాభై ఏళ్ళు నిండినప్పుడు కట్టిన గదులు లెక్కపెట్టుకుంటాం. ఆ గదుల్లో కూర్చున్న పిల్లల మనసులో ఏముందో కూడా ఒకసారి చూసుకుంటే తప్పు లేదు.

పోయిన నెల, పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పడానికి ఇక్కడికి వచ్చాను. అది అయ్యాక ప్రధానోపాధ్యాయుల అనుమతితో, ఇద్దరు టీచరమ్మల సాయంతో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తలా ఒక చీటీ ఇచ్చాం. పేరు రాయొద్దన్నాం. సొంత ఇంటి సంగతి అడగలేదు. రెండే ప్రశ్నలు. మీ చుట్టుపక్కల భార్యను కొట్టడం, హింసించడం ఎంతగా ఉందనుకుంటున్నారు? ఎందుకు జరుగుతోందనుకుంటున్నారు? అమ్మాయిల చీటీలు ఒక డబ్బాలో, అబ్బాయిలవి ఇంకో డబ్బాలో వేయించాం. చదివాక అన్నీ చించేశాం. ఏ చీటీ ఎవరిదో మాకు తెలియదు. పిల్లలూ, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

ఇది సర్వే కాదు. శాతాలు కట్టే పద్ధతిలో చేసింది కాదు. అందుకని మన పిల్లల గురించి అంకెలు చెప్పను. అంకెలు కావలసిన చోట 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసుకుంటాను.

ముందు మొదటి ప్రశ్న. జవాబుల్లో నాకు పదేపదే కనిపించిన మాట ‘అక్కడ’. మా వీధిలో లేదు, అక్కడ, ఫలానా పేటలో ఉంది అని రాశారు. ఆ పేట పిల్లలు కూడా ఈ బడిలోనే చదువుతున్నారు కదా, వాళ్ళు మరో పేట పేరు రాశారు. చదువు లేనివాళ్ళ ఇళ్ళలో ఉంది, తాగేవాళ్ళ ఇళ్ళలో ఉంది, కూలికి వెళ్ళేవాళ్ళలో ఉంది. ప్రతి ఒక్కరూ దాన్ని తమ గుమ్మానికి నాలుగు వీధుల అవతల పెట్టారు.

రెండు డబ్బాలకూ మధ్య తేడా కూడా కనిపించింది. అమ్మాయిల చీటీల్లో ‘చాలా ఇళ్ళలో ఉంది’, ‘మామూలే సార్’ అన్న మాటలు ఎక్కువ. అబ్బాయిల చీటీల్లో ‘ఇప్పుడు తగ్గిపోయింది’, ‘ఇప్పుడు ఆడవాళ్ళే కొడుతున్నారు’ అన్నవి ఎక్కువ. ఒకే ఊరు, ఒకే తరగతి, ఒకే వయసు. చూసే కళ్ళు వేరు.

ఇక సర్వే ఏమంటోంది? పెళ్ళయిన 18-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించామని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 30 మంది. తెలంగాణలో దాదాపు 37 మంది. దేశం మొత్తం మీద 29 మంది. నలభై మంది పిల్లలున్న తరగతికి ఈ సగటు వేసి చూడండి. పన్నెండు మంది తల్లులు. అది నాలుగు వీధుల అవతలి సంగతి కాదు. అదీ ఇంట్లో మరెవరూ వినకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే నోరు విప్పి చెప్పినవాళ్ళ లెక్కే. చెప్పనివాళ్ళు ఈ లెక్కలోకి రారు.

తగ్గిందన్న అబ్బాయిల మాట పూర్తిగా తప్పేమీ కాదు. 2015-16 సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ సంఖ్య సుమారు 43 ఉండేది. నాలుగైదేళ్ళలో దిగింది. సంతోషించాలి. ఆడవాళ్ళే కొడుతున్నారన్న మాటకు కూడా సర్వేలో జవాబుంది. భర్త తమ మీద చెయ్యి చేసుకోకుండానే తామే ముందు కొట్టామని చెప్పిన భార్యలు దేశంలో వందకు సుమారు 4 మంది. అలాంటి ఇళ్ళు ఉన్నాయి, కాదనను. కానీ 4 పక్కన 29 పెట్టి చూడాలి. ఫోనులో రోజూ నాలుగు జోకులు చూసేవాడికి ఆ 4 పెద్దగా కనిపిస్తుంది. పక్కింటి నుంచి ఏ చప్పుడూ రాకపోతే 29 అసలు కనిపించదు.

చదువు లేనివాళ్ళలోనే ఉందన్న నమ్మకం కూడా సగమే నిజం. బడి మొహం చూడని ఆడవాళ్ళలో హింస అనుభవించినవాళ్ళు వందకు 40 మంది అయితే, పన్నెండేళ్ళు, అంతకు మించి చదివినవాళ్ళలో 18 మంది. చదువు సగానికి పైగా తగ్గించింది, తుడిచిపెట్టలేదు. ఈ హాల్లో కూర్చున్న మనలో చాలామంది ఈ రెండో వరుసకు చెందినవాళ్ళం. మన ఇళ్ళకు గోడలు మందం, తలుపులు గట్టివి. అంతే తేడా. విదేశాల్లో స్థిరపడిన మిత్రులకూ ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం ‘మానవి’ అనే సంస్థను 1985లోనే న్యూజెర్సీలో పెట్టుకోవలసి వచ్చిందంటే, ఈ హింస విమానం కూడా ఎక్కిందన్నమాట.

హింస అనుభవించిన ఆడవాళ్ళలో వందకు 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. సాయం కోరినవాళ్ళు 14 మందే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత ఉంది. దెబ్బ తగలడం మామూలే, పదిమందికి తెలియడమే అవమానం అన్న లోకరీతి అందులో ఉంది. మనకే ఇంకో సామెత కూడా ఉంది: ఇల్లు గుట్టు, రోగం రట్టు. ఇంటి విషయం దాచు, జబ్బు మాత్రం దాచకు అని పెద్దలు చెప్పారు. ఇంట్లో కొట్టడాన్ని మనం ఇంటి గుట్టు కింద రాసుకున్నాం. దాన్ని రోగం కింద రాసుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. ఎందుకు జరుగుతోంది? ఇక్కడ పిల్లలు ధారాళంగా రాశారు. మందు. అప్పులు. కట్నం చాల్లేదని. అనుమానం. ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నావని. అత్తగారు చెప్పిన చాడీలు. ఆడపిల్లలే పుట్టారని. కూర బాగాలేదని. ఎదురు మాట్లాడిందని. అమ్మాయిల చీటీ ఒకటి ఇలా ఉంది: ‘అమ్మ ముందే ఊరుకుంటే నాన్న కొట్టరు.’ మనం అడగకపోయినా ఆ పిల్ల తన ఇంటి సంగతే రాసేసింది. అబ్బాయిల చీటీ ఒకటి: ‘తప్పు చేస్తే కొట్టాలి కదా. సార్లు కూడా కొడతారు.’ మరో చీటీలో కారణమేమీ లేదు. ‘గొడవైన రాత్రి చదవలేం సార్’ అని మాత్రం ఉంది.

ఈ జాబితా చదివినప్పుడు నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుని. కాలవ గట్టుకు గండి పడితే ఊరివాళ్ళు నీళ్ళు ఎక్కువ వదిలారంటారు. అది అబద్ధం కాదు. కానీ అవే నీళ్ళు మైళ్ళ పొడవునా గట్టుకు ఒరుసుకుని పారాయి. తెగింది మాత్రం ఒక్క చోటే. మేం అక్కడికి వెళ్ళి చూస్తే ఎలక బొరియలో, ఎండ్రకాయల బొరియలో ఉంటాయి. నీళ్ళు తగ్గించి ఊరుకుంటే ఆ ఏడాదికి గడుస్తుంది. బొరియ పూడ్చకపోతే మళ్ళీ వరదకు అక్కడే తెగుతుంది.

మందు, అప్పు, అనుమానం ఇవన్నీ నీళ్ళ ఒత్తిడి లాంటివి. అప్పులున్న ప్రతివాడూ భార్యను కొట్టడం లేదు. మందు సంగతే తీసుకుందాం, ఎందుకంటే పిల్లలు అన్నిటికంటే ముందు రాసింది అదే. భర్త తరచూ తాగి తూలే ఇళ్ళలో హింస అనుభవించిన భార్యలు వందకు 70 మంది. మందు పాత్ర ఎంత పెద్దదో ఈ అంకె చాలు. అయితే అదే పట్టికలో ఇంకో అంకె ఉంది. అసలు తాగని భర్తలున్న ఇళ్ళలోనూ వందకు 23 మంది. ఆ 23 మందిని కొట్టించింది ఏ సీసా?

ఇంకో మాట. తాగి ఇంటికొచ్చినవాడు దారిలో ఎస్సైని కొట్టడు. అప్పిచ్చినవాణ్ణి కొట్టడు. పనిలో పెట్టుకున్న ఆసామిని కొట్టడు. గుమ్మం దాటి లోపలికొచ్చాకే చెయ్యి లేస్తుంది. ఎవరిని కొట్టకూడదో అంత మత్తులోనూ గుర్తుంది. ఎవరిని కొట్టినా ఎవరూ అడగరో అది కూడా గుర్తుంది. అందుకే మందును నేను ఒత్తిడి అంటాను, కొట్టినవాడు దాన్ని సాకు అంటాడు. మనం దాన్నే కారణం అని రాసుకుంటున్నాం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ సంగతి పిల్లలకు తెలియాలి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్ళిన కూలి ఆడవాళ్ళు, వాచకంలో సారా మాన్పించిన పల్లె కథ చదివి, మన ఊళ్ళో ఎందుకు కాదనుకున్నారు. రోశమ్మగారి లాంటివాళ్ళు ముందు నిలబడి 1992లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. వాచకంలోని ఒక్క పాఠం అంత పని చేసింది. ఆ ఆడవాళ్ళు అడిగింది మాత్రం సారా ఒక్కటే కాదు. కూలి డబ్బు ఇంటికి రావాలని, ఒంటి మీద దెబ్బ పడకూడదని. మొదటి దాని మీద చట్టాలు, ఎన్నికలు, సభలు నడిచాయి. రెండోది ఇంటి విషయం అనే పాత గదిలోనే ఉండిపోయింది.

మరి గట్టులోని బొరియ ఏది? సర్వేలో ఒక ప్రశ్న ఉంది. ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడుగుతారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం, వాదించడం, వంట బాగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం, ఇలాంటివి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం ఆడవాళ్ళు ఏదో ఒకదానికి సబబే అన్నారు. తెలంగాణలోనూ దాదాపు అంతే. దేశం మొత్తానికి అది 45 శాతం. ఈ ప్రశ్నలో మనం దేశానికి దాదాపు రెట్టింపు. సబబే అన్నది దెబ్బలు తినేవాళ్ళే. ఈ నమ్మకం పెళ్ళయ్యాక వచ్చేది కాదు. యునిసెఫ్ 2012లో కౌమార వయసు పిల్లల మీద వేసిన నివేదిక ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ అబ్బాయిల్లో 57 శాతం, అమ్మాయిల్లో 53 శాతం భార్యను కొట్టడాన్ని సమర్థించారు. మన పదో తరగతి దాటిన వయసే అది.

ఇప్పుడు ఆ రెండు చీటీలు మళ్ళీ చూడండి. ‘అమ్మ ఊరుకుంటే’ అన్న పిల్ల తప్పు అమ్మ మీద పెట్టింది. రేపు తన మీద చెయ్యి లేస్తే తన మీద పెట్టుకుంటుంది. ‘తప్పు చేస్తే కొట్టాలి’ అన్న పిల్లవాడు క్రూరుడు కాదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను, బలమున్నవాళ్ళు లేనివాళ్ళను వాళ్ళ మంచికే కొడతారని నేర్చుకున్నాడు. భార్య తనకంటే చిన్నదన్న పాఠం ఎలాగూ ఊరు నేర్పుతుంది. తండ్రి తల్లిని కొట్టగా చూస్తూ పెరిగిన ఆడపిల్లలు తమ కాపురంలో హింసకు గురయ్యే అవకాశం మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువని మన సర్వేలు ప్రతిసారీ చెబుతున్నాయి.

గురువులు ఎదురుగా ఉండగా ఈ మాట అనడానికి మొహమాటంగానే ఉంది. మా తరంలో బెత్తం లేని మాస్టారు లేరు. బెత్తం పట్టుకున్న ఆ చేత్తోనే ఫీజు కట్టినవాళ్ళున్నారు, అన్నం పెట్టినవాళ్ళున్నారు. మేం ఎవరిమీదా ఫిర్యాదు చేయడం లేదు. కానీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఆ సెక్షన్ ఒంటి మీద వాతల గురించే అనుకుంటాం. నా చేతిలోకి వచ్చిన చీటీని బట్టి చూస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరి ఇంట్లోనో పడబోయే దెబ్బను కూడా అది ఆపగలదు. కొట్టకుండా క్రమశిక్షణలో పెట్టే మాస్టారిని రోజూ చూసే పిల్లవాడికి, కోపం వచ్చినా చెయ్యి ఎత్తకుండా ఉండవచ్చని వేరే పాఠం చెప్పనక్కరలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, లైంగికంగా హింసించడం, డబ్బు ఇవ్వకుండా, సంపాదన లాక్కుని కట్టడి చేయడం కూడా హింసేనని ఆ చట్టం చెప్పింది. భార్యకే కాదు, ఆ ఇంట్లో ఉండే తల్లికి, అక్కచెల్లెళ్ళకు, కూతురికి కూడా వర్తిస్తుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెను అందులోంచి గెంటేయకూడదు. ఫిర్యాదు బాధితురాలే చేయాలని లేదు. హింస జరుగుతోందని నమ్మకం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సద్బుద్ధితో చెప్పినవారి మీద ఏ కేసూ ఉండదని నాలుగో సెక్షన్‌లోనే రాశారు. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద 1983లో వచ్చిన 498ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా ఉంది. ఫోను నంబర్లు మూడు గుర్తుంచుకుంటే చాలు. ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098, ప్రాణం మీదికి వస్తే 112.

ఇక మన సంఘం ఏం చేయగలదు? స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత ద్వారం కట్టాలని తీర్మానించారు. మంచిదే. ఆ నిధిలో కొంత భాగం ఈ మూడు పనులకు ఇవ్వమని సంఘాన్ని కోరుతున్నాను.

ఒకటి. సాయంత్రం బడి వదిలాక రెండు గదులు ఏడున్నర దాకా తెరిచి ఉంచుదాం. లైట్లు, మంచినీళ్ళు, ఒక వాచ్‌మన్, వంతులవారీగా ఒక పెద్ద మనిషి ఉంటే చాలు. ఆడపిల్లలను ఇంటి దాకా దించే ఏర్పాటు మనదే. ఎవరి ఇంట్లో ఏముందని అడగనక్కరలేదు. చదువుకోవడానికి వచ్చారంతే. గొడవ ఉన్న ఇంటి పిల్లలూ లేని ఇంటి పిల్లలూ ఒకే దీపం కింద కూర్చుంటారు.

రెండు. పిల్లలు చెప్పుకోవడానికి ఒక టీచరమ్మ, ఒక మాస్టారు ఉండాలి. వాళ్ళకు శిక్షణ ఇప్పించే ఖర్చు సంఘం పెట్టుకోవాలి. శిక్షణ ఎందుకంటే, పిల్ల చెప్పగానే మంచి మనసుతోనే తండ్రిని పిలిపించి నాలుగు చివాట్లు పెడతాం. ఆ రాత్రి ఆ కోపం తల్లి మీద, చెప్పిన పిల్ల మీద పడుతుంది. ముందు పిల్ల మాట నమ్మాలి, ఆ తర్వాత తల్లితో విడిగా మాట్లాడాలి, ఆమె ఒప్పుకుంటే 181కి గానీ రక్షణాధికారికి గానీ చేర్చాలి. పిల్లకే ప్రమాదం ఉంటే 1098కి చెప్పక తప్పదు. ఎవరికీ చెప్పనని పిల్లకు మాటివ్వకూడదు. ఎవరికి చెబుతామో ముందే చెప్పాలి.

మూడు. ఏడాదికి రెండుసార్లు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఈ విషయం మాట్లాడించాలి. అబ్బాయిలతో మగవాళ్ళే మాట్లాడాలి. ఉపన్యాసం వద్దు. వాళ్ళు రాసిన కారణాలే బోర్డు మీద రాసి, ఇందులో కారణమేది, సాకు ఏది అని వాళ్ళనే విడదీయమందాం. మన పిల్లలు తెలివైనవాళ్ళు. అప్పు ఉంటే అప్పు తీర్చుకోవాలి, కూర బాగాలేకపోతే ఉప్పు వేసుకోవాలి, మాట నచ్చకపోతే మాటతోనే జవాబు చెప్పాలి, వీటిలో దేనికీ చెయ్యి అక్కరలేదని ఒక్క పీరియడులో తేల్చేస్తారు.

స్నేహితులారా, మనం ఇక్కడి నుంచి ఇళ్ళకు వెళతాం. మనలో కొందరం తాతలం కూడా అయ్యాం. మన ఇంట్లో చిన్నపిల్లలు మనం చెప్పే నీతులు వినరు గానీ, మనం భార్యతో మాట్లాడే తీరు మాత్రం ఒక్కటీ వదలకుండా చూస్తారు. ఈ బడి మనకు లెక్కలు, ఇంగ్లీషు నేర్పింది. రేపటి పిల్లలకు, ఎవరూ ఎవరినీ కొట్టే హక్కు లేదన్న సంగతి కూడా ఇక్కడే తెలిస్తే, మరో యాభై ఏళ్ళకు ఇలాంటి సభలో ఈ విషయం మాట్లాడే పని ఎవరికీ ఉండదు.